నాన్న నోట మిగిలిన ప్రార్థన

నాన్నకు మాట పడిపోయినప్పుడు నాకు పదిహేనేళ్ళు, తమ్ముడికి పదకొండు. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయారు. కుడిచెయ్యి మూడో గుండీ దగ్గరే ఉంది, వేళ్ళు కదలడం లేదు. ఎవరిదో చెయ్యి తన చొక్కా మీదికి వచ్చినట్టు దానివైపే చూస్తున్నారు. "ఏమైంది నాన్నా?" అన్నాను. నావైపు తిరిగి ఏదో చెప్పబోయారు. మూతి ఒక పక్కకు జారిపోయింది. మాట రాలేదు.

ఆ తర్వాత అంతా పరుగులే. ఆ పరుగుల్లో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఆ మూడో గుండీ మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

పక్షవాతం అన్నారు. మెదడుకు ఎడమవైపు రక్తం అందలేదని, అందుకే ఒంటికి కుడివైపు పడిపోయిందని, చాలామందిలో మాటను నడిపించేది కూడా ఎడమవైపేనని డాక్టరు ఒక చీటీ మీద బొమ్మ గీసి చెప్పారు. అమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది. ఎందుకు దాచుకుందో నేను అడగలేదు. ఆ బొమ్మను దేవుడికి కూడా ఒకసారి చూపించాలనుకుందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నాన్న మాటల మనిషి. సంఘంలో ఎవరింట్లో కష్టమొచ్చినా ఆయన్నే పిలిచేవారు. పెద్ద చదువులు చదవలేదు, ప్రసంగాలు చేసేవారూ కాదు. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడి, వాళ్ళ పేరు పెట్టి ప్రార్థన చేసేవారు. ఆయన ప్రార్థనలో తమ పేరు వినబడితేనే సగం బరువు దిగినట్టుంటుందని ఒకావిడ అమ్మతో అనడం నేను విన్నాను. అలాంటి మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన దగ్గర మిగిలింది ఒకే ఒక్క మాట.

"సరే."

దాహం వేస్తే సరే. నొప్పి పుడితే సరే. దుప్పటి కప్పమన్నా, తీసేయమన్నా సరే. కోపం వస్తే మంచం పట్టీని ఎడమచేత్తో కొడుతూ "సరే! సరే! సరే!" అనేవారు. తను అనాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుసు. మాకు అర్థం కాలేదనీ తెలుసు. నన్ను 'చిట్టీ' అని పిలిచేవారు. ఆ రెండక్షరాల కోసం ఎంత తడుముకునేవారో. పెదవులు 'చి' దాకా వచ్చేవి. బయటికొచ్చేది మాత్రం "సరే". నేను నవ్వుతూ "వచ్చా నాన్నా" అనేదాన్ని. అలా అని వెనకింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

చాలా ఏళ్ళ తర్వాత చదివాను. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు ఒక రోగిని చూశాడట. ఆ మనిషి అర్థం చేసుకోగలడు, కానీ ఏమడిగినా 'టాన్' అనే ఒక్క అక్షరమే అనగలడు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవారట. ఇరవయ్యొక్క ఏళ్ళు అక్కడే ఉన్నాడు. చనిపోయాక బ్రోకా ఆయన మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ చూశాడు. మాటకు మెదడులో ఒక చోటుందని వైద్యలోకం నమ్మడానికి ఆ మనిషే కారణం. అది చదువుతుంటే నాకు విజ్ఞానం సంగతి పట్టలేదు. మా నాన్న 'సరే'లో ఎన్ని అర్థాలున్నాయో వెతికి పట్టుకోవడానికి అమ్మ ఉంది, ఆ టాన్‌కు అన్నేళ్ళూ ఎవరున్నారా అనే అనిపించింది.

అమ్మ నిజంగానే పట్టుకునేది. పది పన్నెండు రకాల సరేలు ఆమెకు తెలుసు. పొట్టి సరే, సాగదీసిన సరే, చివర గొంతు లేచే సరే. "ఏమండీ, కిటికీయేనా? తలుపా?" అంటూ ఒక్కోటి అడుగుతూ పోయేది. చివరికి నాన్న కళ్ళు మూసుకుని తలాడిస్తే అదే. ఎంతసేపు పట్టినా విసుక్కున్నది నేను చూడలేదు. అలసిపోవడం మాత్రం చూశాను.

మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. నాన్నే నడిపించేవారు. ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసి, చివర్లో అందరం కలిసి ప్రభువు ప్రార్థన చెప్పేవాళ్ళం. నాన్న ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో అది ఆగిపోయింది. ఇంటికి తెచ్చిన రాత్రి అమ్మ మమ్మల్నిద్దరినీ పిలిచి మంచం చుట్టూ కూర్చోబెట్టింది. నాకు ఇష్టం లేదు. నాన్న ప్రార్థన చేయలేకపోవడం ఆయన ముందే బయటపడుతుందని నా భయం.

అమ్మ బైబిలు తెరిచింది. చదవలేకపోయింది, మూసేసింది. కాసేపు మౌనం. తర్వాత ఆమే మొదలుపెట్టింది. "పరలోకమందున్న మా తండ్రీ..."

మేమూ అందుకున్నాం. "నీ నామము పరిశుద్ధపరచబడుగాక, నీ రాజ్యము వచ్చుగాక..." అంటుండగా తమ్ముడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తలెత్తి చూశాను. నాన్న పెదవులు కదులుతున్నాయి. ఊరికే కదలడం కాదు, మాటలే. మొద్దుగా, ఒక పక్క ఈడ్చుకుపోతూ, అయినా ఒక్క అక్షరం తప్పిపోకుండా వస్తున్నాయి. "...నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరుగాక."

నేను ఆపేశాను. అమ్మ ఆపలేదు. ఆపితే ఆయన కూడా ఆగిపోతారని ఆమెకు ఎలా తెలిసిందో! కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నా గొంతు మాత్రం అదే వేగంతో, అదే స్థాయిలో నడిపించుకుంటూ చివరిదాకా తీసుకెళ్ళింది. అందరం ఆమేన్ అన్నాం. నాన్న మా ముఖాలు చూశారు. ఆయన పెదవులు మళ్ళీ తడుముకున్నాయి.

"సరే" అన్నారు.

ఎంతసేపు అలా కూర్చున్నామో తెలియదు. పక్కమీద పడుకున్నాక చీకట్లో తమ్ముడు అడిగాడు. "అక్కా, ఆమేన్ అంటే 'అలాగే జరగనీ' అని కదా మనకు సండే స్కూల్లో చెప్పింది? అంటే నాన్న కరెక్టుగానే అన్నారు." వాడికి పదకొండేళ్ళని చెప్పాను కదా.

మర్నాడు ఇంట్లో పండగలా ఉంది. నాన్నకు మాట వచ్చేసిందని నేను అందరికీ చెప్పాను. కానీ రాలేదు. "నాన్నా, ప్రభువు ప్రార్థన చెప్పండి" అంటే ఆయన కష్టపడి కష్టపడి "సరే" దగ్గరే ఆగిపోయారు. మొదటి మాట మేం అందించాలి, గొంతు కలిపి పక్కన నడవాలి. అప్పుడే వచ్చేది. మాట నేర్పించే ఆవిడ ఒకరు వారానికి రెండుసార్లు వచ్చేవారు. ఇలా జరగడం మామూలేనని ఆవిడ చెప్పారు. సొంతంగా వాక్యం కట్టుకోలేని మనిషి కూడా చిన్నప్పటినుంచి నోటికొచ్చిన ప్రార్థనలు, పాటలు, అంకెలు వరసగా చెప్పగలడట. అవి మెదడులో వేరే దారిలో నడుస్తాయట.

నాకు గాలి తీసేసినట్టయింది. అమ్మ దగ్గరికి వెళ్ళి కాస్త కసిగానే చెప్పాను. "అదేం అద్భుతం కాదంట. ఇలాంటి రోగమొచ్చిన చాలామందికి ఉండేదేనంట."

అమ్మ నాన్న బట్టలు మడతపెడుతోంది. తలెత్తకుండానే అంది. "చాలామందికి ఇచ్చాడన్నమాట. మంచిదేగా."

విశ్వాసం గురించి నేను తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ రెండు ముక్కల దగ్గరికి వచ్చినవి తక్కువ.

ఆ రోజుల్లో మా ఇంటికి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళందరి వల్లా ఓదార్పు కలగలేదు, ఈ సంగతి దాచుకోవలసిన పని లేదనుకుంటాను. ఒక పెద్దమనిషి మంచం పక్కన నిలబడి, ఈ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుంది, వెతుక్కోండి అన్నాడు. నాన్నకు మాట పోయింది కానీ వినికిడి పోలేదు. ఆయన ముఖం గోడవైపు తిరిగిపోయింది. అమ్మ ఏమీ అనకుండా బైబిలు తెచ్చి యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీసి ఆ పెద్దమనిషి చేతికిచ్చింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడగడం, వీడైనా వీడి కన్నవారైనా కాదని యేసు ప్రభువు చెప్పడం ఉన్నది అక్కడే. "కొంచెం చదివి వినిపించండి, ఆయనకు చదివించుకోవడం ఇష్టం" అంది. ఆయన చదివాడు. చదివి కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల గురించి అందరూ చెడ్డగానే చెప్తారు. వాళ్ళు మొదట చేసింది మాత్రం మంచి పనేనని నాకు అప్పుడు తెలిసింది. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది.

మాట్లాడకుండా కూర్చునే మనిషి మాకూ ఒకరు దొరికారు. సంఘంలో ఒక పెద్దావిడ, మేం అమ్మమ్మ అనేవాళ్ళం. వారానికి రెండు రాత్రులు వచ్చేది. రాగానే "నువ్వు పో, పడుకో అమ్మాయ్. నేను కూర్చుంటా" అనేది అమ్మతో. ప్రార్థన చేద్దామని అమ్మ అంటే ఒప్పుకునేది కాదు. "ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడి చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ప్రసంగం చేశాడా? నిద్రపోనిచ్చాడు. లేపి తినమన్నాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు. నీ ప్రయాణం పెద్దదమ్మా. పో." అమ్మ పక్కగదిలోకి వెళ్ళి, చెప్పు విడిచినంత తేలిగ్గా నిద్రలోకి జారిపోయేది. ఆవిడ నాన్న మంచం పక్కన కూర్చుని, ఎత్తుగా పెట్టిన ఆయన కాలు మీద చెయ్యి వేసి ఉంచేది. తెల్లవారేదాకా అంతే. మా అమ్మ తొమ్మిదేళ్ళు నిలబడిందంటే దేవుడే నిలబెట్టాడని నమ్ముతాను. ఆ నిలబెట్టడంలో సగం ఈ అమ్మమ్మ చేతుల మీదుగానే జరిగిందనీ నమ్ముతాను.

రోజూ అదే ప్రార్థన నాన్నతో కలిసి చెప్తూ ఉంటే, ఒక్కో ముక్కా మాకు కొత్తగా తగలడం మొదలుపెట్టింది. అంతకుముందు గబగబా అప్పజెప్పేవాళ్ళం. నాన్నతో గబగబా కుదరదు. ఆయన నాలుక నడిచే వేగంతోనే నడవాలి. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములను క్షమించుము" అనే చోట అమ్మ గొంతు ఇంకా నెమ్మదించేది. మాకు చేబదులు రావలసిన డబ్బు ఒకటుంది. కాగితం లేదు, నాన్న నోటిమాట మీద ఇచ్చారు. నాన్నకు నోటిమాటే పోయాక, తీసుకున్న మనిషి మా ఇంటివైపు రావడం మానేశాడు. మేం మాత్రం నాన్న వైద్యానికి తెచ్చిన అప్పులకు వడ్డీ కడుతున్నాం. ప్రతి రాత్రీ ఆ వాక్యం చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఒక ఏడాదిపాటు అమ్మ ఆ ఒక్క ముక్క దగ్గర గొంతు కలపకుండా ఊరుకునేది. నేను గమనించాను. అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఊరుకునేది. తర్వాత ఒక రాత్రి ఆమె గొంతు కూడా వినబడింది. ఏం జరిగిందో చెప్పలేదు. డబ్బు అయితే రాలేదు.

అమ్మ ధైర్యమంతా 'నేడు' అనే మాట మీద నిలబడి ఉండేది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." రేపటి గురించి నేను టెన్షన్ పడితే దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారం సంగతి చెప్పేది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తలకు ఒక ఓమెరు అనే కొలత చొప్పున ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. విశ్రాంతిదినానికి ముందురోజు మాత్రం రెండింతలు. అలా నలభై ఏళ్ళు. "ధైర్యం కూడా అంతేనే. వచ్చే సంవత్సరానికి కావలసిన ధైర్యం ఇప్పుడు నా దగ్గర లేదు. వెతికినా దొరకదు. ఇవాళ్టిది ఉంది." ఫీజులు, అద్దె, నాన్న మందులు, దేని గురించి అడిగినా ఇదే లెక్క. నాకు ఒళ్ళు మండేది. తొమ్మిదేళ్ళు గడిచాక వెనక్కి తిరిగి చూస్తే, ఒక్క రోజు కూడా మిగులు లేదు, ఒక్క రోజు కూడా పస్తు లేదు.

నా సంగతి వేరు. నేను స్వస్థత కోసం ప్రార్థన చేశాను. రెండేళ్ళు శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్నాను. సంఘంలో సాక్ష్యాలు వినేదాన్ని. ఫలానా వారు లేచి నడిచారు, ఫలానా వారికి గడ్డ కరిగిపోయింది. అందరూ దేవునికి స్తోత్రం అనేవారు. నేనూ అనేదాన్ని. ఇంటికొచ్చి మంచం మీద నాన్నను చూస్తే కడుపు రగిలిపోయేది. మా నాన్న ఎన్ని ఇళ్ళకు వెళ్ళి ఎంతమంది కోసం ప్రార్థించారు! ఆయన దగ్గరికి వచ్చేసరికే దేవుడు ఎందుకు మౌనంగా ఉన్నాడు?

ఈ మాట ఒకరోజు మా పాస్టరు గారితో అనేశాను. మందలిస్తారనుకున్నాను. ఆయన అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం తీసి నన్నే చదవమన్నారు. పేతురును దేవదూత చెరసాల నుంచి విడిపించిన అధ్యాయం అని నాకు తెలుసు. సంకెళ్ళు ఊడిపోవడం, ఇనుప తలుపు దానంతట అదే తెరుచుకోవడం, రోదే అనే చిన్నది సంతోషంలో తలుపు తీయడం మర్చిపోవడం, సండే స్కూల్లో ఎన్నిసార్లు విన్నానో. "రెండో వచనం చదువు" అన్నారు. యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. ఒక్క వచనం. అంతే. పేతురులాగే యాకోబూ యేసు శిష్యుడే. అదే రాజు, అదే సంఘం, అదే అధ్యాయం.

"యాకోబు కోసం ఎవరూ ప్రార్థించలేదంటావా?" అని అడిగారు పాస్టరు గారు. "నాకు జవాబు తెలియదమ్మా. ఇద్దర్నీ ప్రభువు ఒకేలా ప్రేమించాడని మాత్రం తెలుసు. పౌలు కూడా తన ఒంట్లో ముల్లులా ఉన్న బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. నా కృప నీకు చాలును అన్నాడు."

ఆ జవాబుతో నా కోపం పోయిందని చెప్పను. కానీ తెలియదు అని ఆయన నిజాయితీగా చెప్పినందుకు నేను సంఘం విడిచిపెట్టలేదు.

నాలుగో ఏడు వర్షాకాలంలో ఒక రాత్రి. ఆ రోజు పొద్దున తమ్ముడికి జ్వరం ఎక్కువైంది. మధ్యాహ్నం ఇల్లు ఖాళీ చేయమని కబురొచ్చింది. సాయంత్రం నాన్న స్నానాల గదిలో పడిపోయారు. అమ్మా నేనూ కలిసి లేపాం. తడి నేల, ఆయన బరువు, పట్టు దొరకదు. రెండుసార్లు జారిపోయారు. మూడోసారి అమ్మ ఆయన చంకల కింద చేతులు వేసి లేపుతుంటే ఆమె నడుము పట్టేసింది. అరవలేదు. పళ్ళు బిగపట్టి ఆయన్ని కుర్చీలోకి చేర్చింది. నాన్న ఏడుస్తున్నారు. "సరే... సరే..." అంటూ ఎడమచేత్తో అమ్మ చెంప తుడుస్తున్నారు. అది క్షమాపణ. ఆ సరే నాకు కూడా అర్థమైంది.

రాత్రి ప్రార్థనకు కూర్చున్నాం. కరెంటు లేదు. అమ్మ గోడకు జారబడి, నాన్న మంచిచేతిని పట్టుకుని మొదలుపెట్టింది. "పరలోకమందున్న మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడుగాక, నీ రాజ్యము వచ్చుగాక. నీ చిత్తము..."

ఆగిపోయింది.

మళ్ళీ ప్రయత్నించింది. "నీ చిత్తము..." గొంతు పూడుకుపోయింది. అది అలసట కాదని నాకు తెలుసు. అప్పుల వాక్యం దగ్గర ఊరుకున్నట్టే ఇక్కడా ఆగింది. నిజం కాని మాట దేవుడి ముందు అనలేదు అమ్మ. ఆ రాత్రి 'నెరవేరుగాక' అని ఆమెకు అనాలని లేదు. నాకూ లేదు. వర్షం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక ఈ రాత్రితో ఇది అయిపోయింది, ఇక మా ఇంట్లో ప్రార్థన ఉండదు అనుకున్నాను.

అప్పుడు నాన్న అందుకున్నారు.

మేమెవరం గొంతు కలపలేదు. ఆయన ఒక్కరే. "నీ... చిత్తము... పరలోకమందు... నెరవేరుచున్నట్లు... భూమియందును... నెరవేరుగాక." ఒక్కో మాట రాయి మోసుకొచ్చి పెట్టినట్టు పెడుతున్నారు. మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారు. మళ్ళీ మొదలుపెడుతున్నారు. "మా... అనుదినాహారము... నేడు..." అనే చోట అమ్మ చేతిని నొక్కడం నేను చూశాను. ఋణాలు, శోధన, దుష్టుడు, అన్నీ దాటుకుని చివరిదాకా ఒంటరిగా వెళ్ళారు. మొదటి మాట అందుకుంటే చివరిదాకా నడిచిపోవడం ఆ జబ్బులో ఉన్నదేనని నాకు తెలుసు. మాట నేర్పించే ఆవిడ చెప్పినదంతా నాకు గుర్తుంది. అయినా ఆ రాత్రి మా ఇంటిని నడిపించింది నాన్నే. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఆయనే.

ఎవరమూ ఆమేన్ అనలేకపోయాం. ఆయనే అన్నారు. "సరే."

ఇంకో ఐదేళ్ళు బతికారు నాన్న. మాట తిరిగి రాలేదు, కుడిచెయ్యి రాలేదు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగారు. ఇల్లు మారాం, అప్పులు తీరాయి, నాకు ఉద్యోగం వచ్చింది. ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆయన సమాధి కూడికలో సాక్ష్యం చెప్పినవాళ్ళు ఆయన మాట్లాడిన రోజుల గురించే చెప్పారు. మాట్లాడలేని తొమ్మిదేళ్ళ గురించి చెప్పడానికి అప్పుడు మాకు నోరు రాలేదు. ఈ నాలుగు మాటలు రాయాలనిపించడానికి అదొక కారణం.

కోరీ టెన్ బూమ్ గురించి నాకు తర్వాత తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నెదర్లాండ్స్‌లో వాళ్ళ కుటుంబం యూదులను ఇంట్లో దాచి కాపాడింది. 1944 ఫిబ్రవరిలో పట్టుబడ్డారు. 84 ఏళ్ళ తండ్రి చెరలో పది రోజులకే చనిపోయాడు. అక్క బెట్సీ అదే ఏడు డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో చనిపోయింది. కోరీ బతికి బయటపడి, అరవైకి పైగా దేశాలు తిరిగి దేవుడి ప్రేమ గురించీ క్షమాపణ గురించీ మాట్లాడింది. ఇంతవరకు చాలామంది చెప్తారు. నన్ను కదిలించింది ఆ తర్వాతిది. 1978లో ఆమెకూ పక్షవాతం వచ్చింది. మాట పోయింది. అన్ని దేశాల్లో మాట్లాడిన మనిషి చివరి దాదాపు ఐదేళ్ళు మాట లేకుండానే ఉండి, 1983 ఏప్రిల్ 15న, తన 91వ పుట్టినరోజునే కన్నుమూసింది. అది చదివిన రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "ఆమె పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉంటారులే" అంది చివరికి.

ఇప్పుడు అమ్మకు చూపు మందగించింది. పెద్ద అక్షరాల బైబిలు కొనిచ్చాను, పాతది నా దగ్గరుంది. డాక్టరు బొమ్మ గీసిన చీటీ ఇంకా అందులోనే ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి నాలుగు ముక్కలైంది. కొన్ని వచనాల పక్కన అమ్మ పెన్సిలుతో తేదీలు వేసుకుంది, వేరే ఏమీ రాయలేదు. ఇరవై మూడో కీర్తన పక్కన తేదీలు ఉంటాయని అనుకున్నాను. ఒక్కటీ లేదు. ఎనభై ఎనిమిదో కీర్తన పక్కన ఆరున్నాయి. బైబిల్లో ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి ఎక్కడో ఒక వెలుగు రేఖ దగ్గర తేలతాయి. ఈ ఎనభై ఎనిమిదోది మాత్రం చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. అమ్మ ఆరుసార్లు అక్కడికి వెళ్ళింది. వాటిలో ఒక తేదీ ఆ వర్షం రాత్రిదే. మా ముందు నవ్వుతూ తిరిగిన మనిషి ఆ కీర్తనలో ఏడ్చి వచ్చి మాకు పనులు చేసిపెట్టిందన్నమాట.

మూడేళ్ళ కిందట నాకు ఆపరేషన్ అయింది. అయ్యేదాకా అది ఏ గడ్డో తెలియదు. ముందురోజు రాత్రి ఆసుపత్రి మంచం మీద ఆ పాత బైబిలు తెరిచి పెన్సిలు అడిగి తీసుకున్నాను. ఎనభై ఎనిమిదో కీర్తన పక్కన, అమ్మ వేసిన ఆరు తేదీల తర్వాత ఏడోది నేను వేశాను. ధైర్యం ఎక్కడినుంచో ఒక్కసారిగా వచ్చి పడలేదు. ఆ రాత్రికి సరిపడా ఉంది. పొద్దున్నే స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఆ పొద్దుటికి సరిపడా ఉంది.

రాత్రి తొమ్మిదింటికి అమ్మా, తమ్ముడూ, నేనూ ఫోన్లో కలుస్తాం. మూడు చోట్ల ఉంటాం, మూడు ఇళ్ళ చప్పుళ్ళు వినబడుతుంటాయి. తమ్ముడి పిల్లలు కూడా మధ్యలో దూరుతారు. అమ్మ మొదలుపెడుతుంది, ఇప్పటికీ నాన్న నాలుక నడిచే వేగంతోనే. పిల్లలు అదే వేగం నేర్చుకున్నారు, ఎందుకో వాళ్ళకు తెలియదు. అందరం ఆమేన్ అంటాం. అన్నాక ఎవరమూ వెంటనే ఫోన్ పెట్టం. ఒక మనిషి ఒక మాట తడుముకుని అనడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపు ఆగుతాం.